మాంటూ బొడిపె ఫోటోలో తెలీదండీ

టీబీ క్రిమి సోకిందేమో తెలుసుకోవడానికి చేతికి వేసే మాంటూ పరీక్ష చేయించుకెళ్ళిన పిల్లల తల్లులు మూడో రోజు పొద్దున్నే వాట్సాప్‌లో ఫోటో పెడతారు. చిన్న చెయ్యి, దాని మీద ఎర్రటి మచ్చ, కింద "అక్కా, పాజిటివ్వా నెగటివ్వా?" అని ఒక మాట. ఒంగోలు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బస్సెక్కి మళ్ళీ రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. ఆ సంగతి తెలిసి కూడా ఫోటో చూసి నేను చెప్పను. ఎరుపు ఎంతున్నా దాంతో మాకు పనిలేదు. కొలవాల్సింది దాని కింద ఉన్న గట్టిదనం. అది వేలికి తగలాలి తప్ప కంటికి ఆనదు.

నేను ఒక పిల్లల ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్‌ని. రోజంతా సీబీపీలు, బ్లడ్ గ్రూపులు, మూత్రం పరీక్షలు, మధ్యలో ఇవి. పిల్లాడికి రెండు వారాలు దాటి దగ్గు, సాయంత్రాలు జ్వరం, బరువు పెరగకపోవడం, లేదా మెడలో బిళ్ళలు (లింఫ్ గ్రంథులు) కట్టడం, లేదా ఇంట్లో పెద్దవాళ్ళకెవరికో టీబీ తేలడం. వీటిల్లో ఏదున్నా డాక్టరుగారు చీటీ మీద "ఎంటీ" అని రాస్తారు, అంటే మాంటూ టెస్ట్. ఆ రెండక్షరాల వెనక ఏం జరుగుతుందో అడిగేవాళ్ళు తక్కువ. అడిగినవాళ్ళకి కౌంటర్ దగ్గర నిలబడి చెప్పేంత తీరిక ఉండదు. అందుకే ఇది.

ముందు చెయ్యి సంగతి. ముంజేతి లోపలివైపు, మోచేతికి నాలుగు వేళ్ళ కింద స్పిరిట్‌తో తుడిచి, అది పూర్తిగా ఆరాక, సన్నటి సూదితో 0.1 మిల్లీలీటరు మందు చర్మం పొరల మధ్యకి ఎక్కించాలి. లోపలికి దిగిపోతే దండగ. సూది మొన చర్మం కింద కనపడుతూనే ఉండాలి. సరిగ్గా పడితే అక్కడికక్కడే 6 నుంచి 10 మిల్లీమీటర్ల తెల్లటి పొక్కు లేస్తుంది. పిల్లలు గుక్కపట్టి ఏడుస్తారు, తల్లులు అటు తిరిగి నిలబడతారు. ఆ పొక్కు కాసేపటికి అణిగిపోతుంది. అది మందు నీళ్ళు తప్ప మరేం కాదు. అసలు కథ ఇంకా మొదలవలేదు.

మూడో రోజు, అంటే 48 నుంచి 72 గంటల మధ్య, పిల్లాడు వచ్చాక బాల్ పెన్నుతో కొలుస్తాను. చర్మం మీద పెన్ను పెట్టి బయట నుంచి మచ్చ వైపు మెల్లగా గీసుకుంటూ రావాలి. మెత్తటి చర్మం మీద జారుతూ వచ్చిన పెన్ను గట్టిదనం అంచుకి తగలగానే ఆగిపోతుంది. రెండో వైపు నుంచీ అలాగే. ఆ రెండు గీతల మధ్య దూరం స్కేలు పెట్టి చూడటమే, అదీ చేతికి అడ్డంగా, పొడవునా కాదు. రిపోర్టులో మిల్లీమీటర్లు రాయాలి. ఒట్టి "పాజిటివ్" అని రాసి పంపే ల్యాబుల మీద నాకు మంట. మామూలు పిల్లలకి 10 మిల్లీమీటర్లు దాటితే లెక్కలోకి వస్తుంది, హెచ్ఐవీ ఉన్న బిడ్డకి 5 దాటినా వస్తుంది. అంకె రాయకపోతే డాక్టరుగారు దేన్ని చూసి తేల్చుకోవాలి? ఇంకో సంగతి, సీసా మీద బలం కూడా చూసుకోవాలి. దాన్ని టీయూ, అంటే ట్యూబర్క్యులిన్ యూనిట్లలో లెక్కేస్తారు. మార్కెట్లో 2 టీయూ, 5 టీయూ, 10 టీయూ అన్నీ దొరుకుతాయి. బలమైన మందు వేస్తే వాపూ పెద్దదే వస్తుంది, అది చూసి ఇంటిల్లిపాదీ హడలిపోతారు.

ఇంతకీ ఆ సీసాలో ఉన్నదేంటి? క్రిములు కాదు. "టీబీ క్రిమిని మా వాడి చేతిలోకి ఎక్కిస్తున్నారా?" అని ఒకాయన నా మీద గట్టిగానే లేచాడు. అందులో ఉన్నది ట్యూబర్క్యులిన్, అంటే టీబీ క్రిమి నుంచి తీసి శుభ్రం చేసిన ప్రోటీన్ ముక్కలు మాత్రమే. వాటికి ప్రాణం లేదు, అవి పెరగవు, జబ్బు తేలేవు. మరి బొడిపె ఎందుకొస్తుందంటే, మన ఒంట్లో ఆ ముక్కల్ని గుర్తుపట్టేవాళ్ళు ఉంటే వాళ్ళు అక్కడికి చేరుకుంటారు కాబట్టి. వాళ్ళే టీ కణాలు, తెల్లరక్తకణాల్లో ఒక రకం.

పెన్సిలిన్ టెస్ట్ డోస్ మీరు చూసే ఉంటారు. పడకపోతే పావుగంట, ఇరవై నిమిషాల్లోనే దద్దురు లేస్తుంది, ఎందుకంటే అది యాంటీబాడీల పని. అవి ముందే తయారై, చర్మంలోని మాస్ట్ కణాలకి అంటుకుని కూర్చుని ఉంటాయి, మందు తగలగానే దురద, వాపు. మాంటూలో మొదటి గంటల్లో చెప్పుకోదగ్గదేమీ కనపడదు. ముందు చర్మంలో కాపలా ఉండే కణాలు ఆ ప్రోటీన్‌ని మింగి, ముక్కలు చేసి, ఒక్కో ముక్కని తమ ఒంటి మీద ఎత్తి చూపించాలి. టీ కణం నేరుగా క్రిమిని చూడలేదు. ఇంకో కణం అలా ఎత్తి చూపిస్తేనే దానికి తెలుస్తుంది. రక్తంలో తిరుగుతున్న లెక్కలేనన్ని రకాల టీ కణాల్లో సరిగ్గా ఆ ముక్కకి సరిపోయే గ్రాహకం ఉన్నవి కొన్నే. అవి అటుగా వచ్చి, ముక్కని గుర్తుపట్టి, ఇంటర్‌ఫెరాన్ గామా లాంటి రసాయనాలు వదులుతాయి. దాంతో దగ్గర్లోని రక్తనాళాల లోపలి గోడలు జిగురెక్కి, దారినపోయే తెల్లకణాల్ని పట్టి ఆపుతాయి. వాటిల్లో మోనోసైట్లు అనేవి బయటికొచ్చి, క్రిముల్ని మింగే మాక్రోఫేజ్‌లుగా మారతాయి, వాటి మధ్య ఫైబ్రిన్ అనే పీచులాంటి ప్రోటీన్ పేరుకుంటుంది. నా పెన్ను ఆగేది అక్కడే. ఇదంతా ముదిరేసరికి రెండు రోజులు పడుతుంది. విచిత్రమేంటంటే ఆ బొడిపెలో చేరిన కణాల్లో టీబీని నిజంగా ఎరిగినవి చాలా కొద్ది. మిగతావన్నీ ఆ కొద్దిమంది పిలిస్తే వచ్చినవే.

ల్యాబులో పనిచేసే మనిషిగా ఈ పరీక్ష అంటే నాకు ఒక ప్రత్యేకమైన ఇష్టం. స్లైడు మీద లీష్మన్ స్టెయిన్ అనే రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తే లింఫోసైటు (టీ కణాలు ఈ జాతి తెల్లకణాలే) అంటే నిండా ఊదారంగు కేంద్రకం, చుట్టూ సన్నటి నీలి అంచు, అంతే. అది టీ కణమా, యాంటీబాడీలు చేసే బీ కణమా అన్నది చూపుతో చెప్పడం ఎవరి తరమూ కాదు. రక్తంలో తిరిగే లింఫోసైట్లలో ఎక్కువ భాగం టీ కణాలే అయినా మా కంటికి అన్నీ ఒకటే. అవి పని చేస్తుంటే వేలితో తడిమి చూసే అవకాశం ఈ బొడిపె దగ్గరే.

దీని చరిత్ర కూడా తిన్నగా సాగింది కాదు. టీబీ క్రిమిని 1882లో కనిపెట్టిన రాబర్ట్ కోచ్, 1890లో ట్యూబర్క్యులిన్ అనే ద్రవాన్ని టీబీకి మందుగా ప్రకటించాడు. ఊళ్ళకి ఊళ్ళు ఆశపడి బెర్లిన్‌కి పరిగెత్తాయి. మందుగా అది పనిచెయ్యలేదు సరికదా కొందరికి ప్రాణం మీదికి తెచ్చింది. కానీ క్రిమి సోకినవాళ్ళ ఒళ్ళు దానికి ఒక రకంగా, సోకనివాళ్ళ ఒళ్ళు ఇంకో రకంగా స్పందించడం మాత్రం నిలిచిపోయింది. వియన్నాలో వాన్ పిర్కే అనే డాక్టరు 1907లో చర్మం మీద గీరి చూశాడు. ఆ మరుసటి ఏడు ఫ్రాన్సులో షార్ల్ మాంటూ అనే డాక్టరు సూదితో చర్మం పొరల్లోకి ఎక్కించే పద్ధతి పెట్టాడు. వందేళ్ళు దాటినా నేను చేస్తున్నది ఆయన చేసిందే.

అయితే ఆ వాపు యాంటీబాడీల వల్ల కాదు, కణాల వల్ల అని తేలడానికి 1940లు రావాల్సి వచ్చింది. ఏబీఓ బ్లడ్ గ్రూపులు కనిపెట్టిన లాండ్‌స్టైనర్ పేరు తలుచుకోని ల్యాబు ఉండదు. ఆయనే ముసలితనంలో న్యూయార్కులో మెరిల్ ఛేజ్‌తో కలిసి గినీపందుల మీద ఒక పని చేశాడు. ఒక రసాయనానికి చర్మం స్పందించే గినీపంది నుంచి సీరం, అంటే కణాలు లేని, యాంటీబాడీలుండే రక్తపు నీరు తీసి ఇంకో దానికిస్తే ఏమీ జరగలేదు. కణాలు తీసి ఇస్తే ఆ గుణం రెండో దానికి వచ్చేసింది. అది 1942. ఇంకో మూడేళ్ళకి ఛేజ్ ట్యూబర్క్యులిన్‌తోనూ అదే చూపించాడు. అప్పటికి టీ కణం అన్న పేరు కూడా పుట్టలేదు.

పేరు వచ్చింది థైమస్ గ్రంథి నుంచి. రొమ్ము ఎముక వెనక, గుండె పైన ఉంటుంది. పెద్దల్లో కుంచించుకుపోయి కొవ్వుగా మారుతుంది గానీ పసిపిల్లల ఛాతీ ఎక్స్‌రేలో బాగా కనపడుతుంది. ఒక్కోసారి పక్కకి తెరచాపలా తేలి ఉంటుంది. ఆ నీడ చూసి ఊపిరితిత్తిలో ఏదో పట్టిందని కంగారుపడే జూనియర్లుంటారు. 1961 దాకా అసలది ఎందుకుందో ఎవరికీ తెలీదు. ఆ ఏడు లండన్‌లో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకి దాన్ని తీసేసి చూశాడు. లింఫోసైట్లు పడిపోయాయి, వేరే ఎలుక చర్మం అతికిస్తే తిప్పికొట్టలేకపోయాయి, కొన్నాళ్ళకి అంటురోగాలతో చచ్చిపోయాయి. ఎముక మజ్జలో పుట్టిన కణాలు థైమస్‌లోకొచ్చి టీ కణాలవుతాయి. అక్కడి వడపోత మహా కర్కశం. మన సొంత కణాల మీదే తిరగబడేవాటినీ, దేన్నీ గుర్తుపట్టలేనివాటినీ అక్కడే చంపేస్తారు. నూటికి తొంభై అయిదుకి పైగా బయటికి రానే రావు.

ఇక టీబీకి టీ కణాలే ఎందుకు కావాలి, యాంటీబాడీలు చాలవా అంటే, ఆ క్రిమి మకాం పెట్టే చోటు అలాంటిది. క్రిముల్ని మింగి చంపడం మాక్రోఫేజ్ ఉద్యోగం. టీబీ క్రిమి దాని కడుపులోకే వెళ్ళి, తనని అరిగించే రసాల సంచి తన గదితో కలవకుండా అడ్డుపడి, లోపలే పిల్లల్ని పెడుతుంది. దొంగ పోలీస్ స్టేషన్‌లోనే అద్దెకి దిగినట్టు. యాంటీబాడీలు రక్తంలో, కణాల బయట తిరిగేవి. గోడ దాటి లోపలికి పోలేవు. టీ కణం కూడా లోపలికి పోదు. కానీ ఆ మాక్రోఫేజ్ తన ఒంటి మీద ఎత్తి చూపిస్తున్న ముక్కని చూసి లోపల ఏముందో గ్రహిస్తుంది, ఇంటర్‌ఫెరాన్ గామా వదులుతుంది. అది అందిన మాక్రోఫేజ్‌కి బలమొస్తుంది. అంతదాకా అరిగించుకోలేనిదాన్ని అరిగించడం మొదలుపెడుతుంది. ఈ పని చేసేవి సీడీ4 అనే సహాయక టీ కణాలు. సీడీ8 అనేవి వేరే. ఫ్లూ, ఆటలమ్మ లాంటి వైరస్‌లు దూరిన కణాన్ని పట్టుకుని, దాని గోడకి పెర్ఫోరిన్ అనే ప్రోటీన్‌తో కన్నం పెట్టి, గ్రాన్‌జైమ్‌లనే ఎంజైములు లోపలికి పంపి, ఆ కణాన్నే చంపేస్తాయి. వైరస్‌కి పెరగడానికి చోటుండదు.

టీబీలో చాలాసార్లు పూర్తిగా చంపడం కుదరదు. టీ కణాలు, మాక్రోఫేజ్‌లు కలిసి క్రిమి చుట్టూ గ్రాన్యులోమా అనే చిన్న గడ్డ కట్టి దాన్ని అందులో బంధిస్తాయి. టీబీ క్రిమి సోకినవాళ్ళలో జీవితకాలం మొత్తం మీద జబ్బు పడేది నూటికి అయిదు నుంచి పదిమంది. మిగతావాళ్ళు దాన్ని లోపల పెట్టుకునే పొలం పనులకి పోతారు, పెళ్ళిళ్ళు చేస్తారు, ముసలివాళ్ళవుతారు. మాంటూ కొలిచేది ఈ ఎరుకనే. జబ్బు ఉందా అన్నదాన్ని కాదు, ఈ ఒంట్లో టీ కణాలు ఆ క్రిమిని ఎరుగుదురా అన్నదాన్ని. 15 మిల్లీమీటర్లు వచ్చిందని ఏడుస్తూ కూర్చునే తల్లికి నేను చెప్పే మొదటి మాట ఇది. జబ్బు తేల్చాల్సింది ఎక్స్‌రే, కఫం, పిల్లాడి బరువు.

దీనికి తిరగేసిన మాట ఇంకా ముఖ్యం. బొడిపె రాలేదంటే క్రిమి లేదని కాదు.

ఒక నాలుగేళ్ళ పాప గుర్తుంది. ఇంట్లో తాతకి కఫంలో టీబీ తేలింది. పిల్ల ఎముకలగూడులా ఉంది, అంతకు కొన్ని వారాల ముందే తట్టు పోసింది. మాంటూ వేస్తే మూడో రోజు చెయ్యి నున్నగా ఉంది. పెన్ను ఎక్కడా ఆగలేదు. నేను సున్నా అని రాశాను. డాక్టరుగారు అక్కడితో ఆపకుండా పరగడుపున ముక్కులోంచి గొట్టం వేసి కడుపులో నీళ్ళు తియ్యమన్నారు. పిల్లలు కఫం ఉమ్మరు, మింగేస్తారు, అందుకని. వాళ్ళ నానమ్మ నా చెయ్యి పట్టుకుని, "బొడిపే రాలేదు గదమ్మాయ్, ఇంక ఆ పసిదానికి గొట్టాలెందుకు?" అంది. "రాకపోవడమే అనుమానం మామ్మా, పిల్ల బలంగా ఉండి రాకపోతే వేరు" అన్నాను. ఆమెకి నచ్చలేదు. కడుపునీళ్ళు సీబీనాట్‌కి, అంటే టీబీ క్రిమి జన్యువుని పట్టే పరీక్షకి పంపితే టీబీ పాజిటివ్ వచ్చింది.

తట్టు పోసిన పిల్లల్లో ట్యూబర్క్యులిన్ స్పందన కొన్నాళ్ళు మాయమవుతుందని వాన్ పిర్కే 1908లోనే రాశాడు. ఎందుకో ఆయనకి తెలిసే వీల్లేదు. ఇప్పుడు తెలుసు. తట్టు వైరస్ జ్ఞాపకం ఉన్న లింఫోసైట్లలోకే దూరుతుంది. తిండి చాలని పిల్లల్లో, స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్ళలో, ఒళ్ళంతా పాకిన టీబీలోనూ బొడిపె రాకపోవచ్చు. కొత్తగా సోకిన వారాల్లోనూ రాదు. క్రిమి ముక్కలు బిళ్ళల దాకా చేరి, అక్కడ టీ కణాలు వాటిని మొదటిసారి చూసి, పెరిగి, రక్తంలోకి రావడానికి రెండు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. హెచ్ఐవీ సంగతి చెప్పక్కర్లేదు, అది దెబ్బకొట్టేదే సీడీ4 కణాల్ని. మందులు వాడని హెచ్ఐవీ మనిషికి లోపల టీబీ క్రిమి కూడా ఉంటే, జీవితకాలంలో పదిమందిలో ఒకరికి రావాల్సిన ప్రమాదం ఒక్కో ఏడాదికే దాదాపు అంత అవుతుంది.

టీబీకి వేసే బీసీజీ టీకా గురించి కూడా అడుగుతుంటారు, పుట్టినప్పుడే వేయించాం కదా అని. ఎడమ భుజం మీద ఆ మచ్చ కూడా టీ కణాల పనే. సూది వేసిన రెండు మూడు వారాలకి పొక్కు లేచి, చిట్లి, మానడం అంతా వాటి రాకపోకలే. మన దేశంలో 1948లో బీసీజీ మొదలుపెట్టిన తొలి చోట్లలో మన మదనపల్లె ఒకటి, అక్కడి ఆరోగ్యవరం టీబీ శానిటోరియం పుణ్యమా అని. పసిపిల్లల్లో మెదడుకి పట్టే టీబీని, ఒళ్ళంతా పాకే టీబీని బీసీజీ బాగా ఆపుతుంది. పెద్దల ఊపిరితిత్తుల టీబీని ఆపుతుందా అని తమిళనాడు చెంగల్పట్టులో 1968లో మొదలుపెట్టి లక్షలమందిని చూస్తే, ఫలితం నిరాశే. టీకా వేసుకున్న ఒళ్ళు మాంటూకి కొంచెం స్పందిస్తుంది కూడా, ప్రోటీన్లు కలుస్తాయి కాబట్టి. ఆ గొడవ లేకుండా బీసీజీలో లేని రెండు ప్రోటీన్లతో చేసిన సై-టీబీ అనే కొత్త చర్మపరీక్ష వచ్చింది. రక్తం తీసి ట్యూబులోనే టీ కణాలకి ఆ ప్రోటీన్లు చూపించి, ఎంత ఇంటర్‌ఫెరాన్ గామా వదిలాయో కొలిచే పరీక్షా ఉంది. దాని ఖరీదు ఎక్కువ. మాంటూ దానికంటే చాలా చవక.

మాది పిల్లల ఆసుపత్రే అయినా చుట్టుపక్కల క్లినిక్కుల నుంచి పెద్దవాళ్ళని కూడా మాంటూకి పంపుతారు. ఆ మధ్య ఒకావిడ వచ్చింది. కీళ్ళవాతం, వేళ్ళు వంకర్లు పోయాయి, గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకుంటోంది. మామూలు మందులకి లొంగక టీఎన్ఎఫ్‌ని అడ్డుకునే ఇంజెక్షన్ రాశారు. టీఎన్ఎఫ్ అనేది కీళ్ళలో మంట పెట్టే రసాయనం, నిజమే. కానీ టీబీ క్రిమి చుట్టూ కట్టిన గడ్డ విడిపోకుండా నిలబెట్టేదీ అదే. అలాంటి ఇంజెక్షనే అయిన ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్నాక టీబీ వచ్చిన 70 కేసులు 2001లో అమెరికాలో అచ్చయ్యాయి, చాలావరకు మొదటి కొన్ని నెలల్లోనే. అందుకే అవి మొదలుపెట్టే ముందు లోపల క్రిమి ఉందేమో చూస్తారు.

ఆవిడకి 16 మిల్లీమీటర్లు వచ్చింది. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది, దగ్గు లేదు, జ్వరం లేదు. టీబీ క్రిమిని చంపే ఐసోనయాజిడ్ మాత్రలు ఆర్నెల్లకి రాశారు, ఒక నెల మింగాకే ఇంజెక్షన్ అన్నారు. "జబ్బు లేదంటారు, మళ్ళీ ఆర్నెల్లు మందు మింగమంటారు, ఇదేం లెక్క తల్లీ?" అని నన్నే నిలదీసింది. లోపల ఉన్నదాన్ని ఇన్నాళ్ళూ మీ ఒళ్ళే అదిమిపెట్టి ఉంచింది, ఈ ఇంజెక్షన్ ఆ పట్టుని వదులు చేస్తుంది, పట్టు వదలకముందే దాన్ని చంపాలి అని చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే ముందు మాత్రలే" అంది. వెళ్ళేటప్పుడు చీటీ తిప్పి, ఐసోనయాజిడ్ పక్కన రాసిన బీ6 మాత్ర చూపించి, అది మానేస్తే కాళ్ళు తిమ్మిర్లెక్కొచ్చని, ఒళ్ళు పచ్చబడినా, అన్నం సయించకపోయినా వెంటనే డాక్టరు దగ్గరికి రమ్మని చెప్పి పంపాను.